చీకటే చుట్టమైనప్పుడు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది మలికిపురం వైపు పల్లెటూరు. నాకు 36 ఏళ్లు. మూడెకరాల రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నాం. రెండేళ్లలో మూడు పంటలు పోయాయి. రెండుసార్లు వైట్ స్పాట్ తెగులు. మూడోసారి రొయ్య బాగానే ఎదిగింది గానీ అమెరికా సుంకం పెంచిందని రేటు పడేశారు. మేత కొట్టు బాకీ, బయటి అప్పులు కలిపి పద్నాలుగు లక్షలు దాటాయి. మామగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచంలోనే అన్నీ. మాట రాదు గానీ తెల్లవారుజామున నాలుగింటికి పాత కీర్తన ఎత్తుకుంటారు. అది మాత్రం పదాలతో సహా వస్తుంది. ఇల్లంతా లేస్తుంది, నాకు చిరాకు, ఏడుపు రెండూ వస్తాయి. మా ఆయన రాత్రుళ్లు చెరువు గట్టు మీద షెడ్డులోనే పడుకుంటున్నారు. చెరువులో ఇప్పుడు రొయ్యే లేదు. ఫోన్ ఎత్తకపోతే నా గుండె జారిపోతుంది.

ప్రార్థన కూటంలో “మీ విశ్వాసంలో ఎక్కడో లోపం ఉంది, పదివేలు విత్తన కానుక వెయ్యండి, దేవుడు ద్వారం తెరుస్తాడు” అన్నారు. గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాను. కువైట్ వెళ్లిపొమ్మని అక్క అంటోంది. ఆదివారం చర్చికి వెళ్తున్నాను, పాడుతున్నాను, లోపల మాత్రం ఏమీ లేదు. మోకరిస్తే నోరు పెగలదు. గోడ మీద వాగ్దానం క్యాలెండర్ చూస్తే కోపం వస్తోంది. నాకు నిరీక్షణ పోయినట్టేనా? మా చేతుల్లో ఏమీ లేని ఈ పరిస్థితికి ఏమైనా అర్థం ఉందా?

జవాబు:

తల్లీ, నీకంటే పాతికేళ్లు పెద్దదాన్ని. నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకు.

నీ ప్రశ్నల జోలికి వెళ్లేముందు ఒక పని ఉంది. ఇది చదవడం ఆపి అయినా చెయ్యి. రొయ్య లేని చెరువుకి కాపలా ఎందుకో నువ్వూ ఆలోచించే ఉంటావు. ఈ రాత్రి అన్నం క్యారేజీ పట్టుకుని నువ్వే షెడ్డుకి వెళ్లు. పక్కన కూర్చుని సూటిగా అడుగు: “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు. అలా ఏమీ జరగదు. అడిగినవాళ్లు ఒకరున్నారని తెలిస్తే గుండె బరువు కాస్త దిగుతుంది. అవునన్నా, తల దించుకుని ఊరుకున్నా ఆయన్ని ఒంటరిగా వదలకు. షెడ్డులో పురుగుమందు డబ్బాలుంటే ఆయన ముందే తీసి ఇంటికి తెచ్చెయ్. టెలీమానస్ అని ప్రభుత్వ ఫోన్ నంబరు ఉంది, 14416. పైసా ఖర్చు లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఇది విశ్వాసం లేనివాళ్లు చేసే పని అని ఎవరైనా అంటే ఏలీయా ప్రవక్త కథ గుర్తు చెయ్యి. బదరీ చెట్టు కింద పడుకుని ‘నా ప్రాణం తీసేసుకో’ అని దేవుణ్ణే అడిగాడాయన. దేవదూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చి, లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ లేపి పెట్టాడు. నీ చేతిలో క్యారేజీ అదే.

రెండోది, గాజుల సంగతి. తాకట్టు పెట్టకు. ఇందులో నాకు అనుమానం లేదు. అప్పుల్లో ఉన్న ఇంటిని పదివేలు వెయ్యమని అడిగే నోటికి దేవుడి పేరు వాడుకునే హక్కు లేదు. కానుకల ప్రసంగాల్లో బీద విధవరాలి రెండు కాసుల కథ ఎప్పుడూ వస్తుంది కదా. మార్కు సువార్త 12వ అధ్యాయం తీసి ఆ కథకి కాస్త పైన చదువు. శాస్త్రుల గురించి ‘విధవరాండ్ర యిండ్లు దిగమ్రింగుచు’ అంటాడు ప్రభువు. ఆ మాట అన్న వెంటనే ఆ బీదరాలు వచ్చి తన బతుకుతెరువు అంతా పెట్టెలో వేస్తుంది. నాకైతే ఆ సన్నివేశంలో మెచ్చుకోలు కంటే బాధ ఎక్కువ వినిపిస్తుంది. దశమభాగం ఇవ్వలేకపోతున్నానని కూడా కుమిలిపోకు. ముందు మేత కొట్టు బాకీ తీర్చు.

విశ్వాసంలో లోపం అంటావా? వైట్ స్పాట్ వైరస్. దానికి మందే లేదు. పట్టుకుంటే మూడు నుంచి పది రోజుల్లో చెరువు ఖాళీ చేస్తుంది. పీతల మీద వస్తుంది, పిట్టల నోట్లోంచి పడుతుంది, పక్క చెరువు నీళ్లతో వస్తుంది. గట్టు మీద బైబిలు ఉందా లేదా అని అది చూడదు. మీ చుట్టుపక్కల పోయిన చెరువుల్లో అన్ని మతాలవాళ్లవీ ఉండి ఉంటాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు కోనసీమలో ఎవరి ప్రార్థన తక్కువైందని? యేసు కూడా ఈ ప్రశ్నే ఎత్తాడు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు, వాళ్లు అందరికంటే పాపులా అని. కారు అని తనే అన్నాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద నోరెత్తకుండా కూర్చున్నారు చూడు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక తన గురించి సరిగ్గా మాట్లాడలేదని చివర్లో దేవుడే అన్నాడు.

ఇప్పుడు క్యాలెండర్ దగ్గరికి వస్తాను. చెప్పలేదు గానీ, నీ గోడ మీద ఉన్నది యిర్మీయా 29:11 అయి ఉంటుందని పందెం కాస్తాను. ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.’ మా ఇంట్లోనూ అదే. జనవరి ఒకటిన కవరులోంచి వాగ్దానం తీసినప్పుడు ఎవరికో ఒకరికి అది రాక మానదు. క్యాలెండర్లు అచ్చువేసేవాళ్లు దానికి పై వచనం వెయ్యరు. పదో వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. బబులోనుకి బందీలుగా పట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరం అది. అంటే ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఇల్లు చేరకుండా ఆ పరాయి ఊళ్లోనే పోతారని దానర్థం. ఇంకా పైన అయిదో వచనం నుంచి చూస్తే, ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అంటాడు. త్వరలో వెళ్లిపోతారని కలలు చెప్పేవాళ్లని నమ్మకండి అని కూడా అంటాడు. నీకు కోపం వచ్చింది వచనం మీద కాదు, దాన్ని కత్తిరించి గోడకి తగిలించిన తీరు మీద. ఆ కోపం న్యాయమైనదే.

నిరీక్షణ పోయిందా అన్నావు. ఆ మాటనే ఒకసారి తిప్పి చూద్దాం. బయట తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. బస్సు కోసం, రిజల్టు కోసం, గల్ఫ్ నుంచి మనిషి కోసం. మన బైబిలు తెలుగు చేసినవాళ్లు ‘ఆశ’ అనాల్సిన చోట చాలాసార్లు ఈ మాటే పెట్టారు. మనవాళ్లు ఆడపిల్లలకి పేరుగా కూడా పెట్టుకున్నారు. నా క్లాసులోనే ఒక నిరీక్షణ ఉండేది, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది! చిన్నప్పుడు నాకు ఈ రెండు అర్థాలు కలిసేవి కావు. ఇప్పుడనిపిస్తుంది, ఆ అనువాదకులు తెలిసే పెట్టారేమో అని. ఆశ మనసులో పుట్టే భావన, ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఎదురుచూడటం చేసే పని. లోపల ఏమీ అనిపించకపోయినా బస్‌స్టాపులో నిలబడినవాడు నిలబడే ఉంటాడు. ‘లోపల ఏమీ లేదు’ అంటూనే ఆదివారం వెళ్లి నిలబడుతున్నావే, అదేమిటి మరి?

‘కనిపెట్టు’ అని ఇంకో మాట ఉంది. బయట కనిపెట్టడం అంటే కొత్తది కనుక్కోవడం. బైబిల్లో మాత్రం కాచుకుని ఉండటం. 130వ కీర్తనలో ‘కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె’ ఎక్కువగా నా ప్రాణం కనిపెడుతోంది అంటాడు. రొయ్యల చెరువు కాపలా తెలిసిన ఇంటి కోడలివి, ఇది నీకు నేను చెప్పాలా? కాపలావాడు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఆగితే చూస్తాడు, టార్చి వేస్తాడు, టీ తాగుతాడు. తెల్లవారేలా మాత్రం చెయ్యలేడు. చెయ్యమని అతన్ని ఎవరూ అడగరు కూడా. మీ చేతుల్లో ఏమీ లేదన్నావు. పొద్దు పొడవడం అనే ఆ ఒక్క విషయంలో ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు.

నేనేదో గట్టున కూర్చుని చెబుతున్నాననుకుంటావేమో. మా ఆయనకి మూడేళ్లు డయాలసిస్ చేయించాను. వారానికి రెండుసార్లు కాకినాడ, తెల్లవారుజాము బస్సు, తిరిగొచ్చేసరికి చీకటి. ఒక స్వస్థత కూటానికి కూడా తీసుకెళ్లాను. స్టేజీ మీద ఆయన, పేరెందుకులే, మైకులోనే అన్నాడు, మీ ఇంట్లో ఒకరి అవిశ్వాసం అడ్డుపడుతోందని. బస్సులో వస్తూ మా ఆయన నన్ను చూసి నవ్వి, “నువ్వా, నేనా?” అన్నారు. ఆ రాత్రి నుంచి నాకు ప్రార్థన ఆగిపోయింది. మోకరిస్తే గోడ మీద బల్లిని చూస్తూ ఉండేదాన్ని. మా అత్తగారికి అప్పటికి ఎనభై. ఆవిడ రోజూ మంచం పక్కన పరలోక ప్రార్థన చెప్పేవారు. చివర్లో ఆగి నా వైపు చూసేవారు. నేను “ఆమేన్” అనేదాన్ని. మూడేళ్లలో నేను చేసిన ప్రార్థన మొత్తం అదే. ఆయన బతకలేదు. నేను ఒక్కమాటగా అడిగినది దేవుడు ఇవ్వలేదు. దీన్ని సాక్ష్యంగా తిప్పి చెప్పమని కొందరు అడిగారు, చెప్పలేదు.

ఆ రోజుల్లో నాకు దొరికింది 88వ కీర్తన. చర్చిలో ఎవరూ చదవరు దాన్ని. మిగతా మొర కీర్తనలు ఎంత ఏడ్చినా దాదాపు అన్నీ చివర్లో కాస్త తేరుకుంటాయి, స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ఆగిపోతుంది. చుట్టాలందరూ మొహం చాటేశారు, నాకిప్పుడు మిగిలిన చుట్టం చీకటే అని. అప్పుల్లో పడ్డ ఇంటికి ఈ మాట కొత్త కాదు, పెళ్లి పిలుపులు కూడా తగ్గిపోతాయి. నాకు విడ్డూరంగా తోచినది ఏమిటంటే, ఇలాంటి కీర్తనని ఎవరూ తీసెయ్యలేదు. ఆమేన్ కూడా లేని ఏడుపుని దేవుడి పుస్తకంలో, ఆరాధనలో పాడుకోవడానికని ఉంచారు. అంటే నీ నోరు పెగలని స్థితికి కూడా అక్కడ ఒక పేజీ ఉంది. మోకరించి ఏమీ రాకపోతే అది చదువు. గట్టిగా చదువు. కోపంగా చదివినా తప్పు లేదు.

యుర్గెన్ మోల్ట్‌మన్ అని ఒక జర్మన్ పండితుడు 98 ఏళ్లు బతికి 2024లో పోయారు. జీవితమంతా నిరీక్షణ గురించే రాశారు. ఆయన మొదలైంది చర్చిలో కాదు, ఇంట్లో పెద్దగా భక్తి కూడా లేదు. 1943 జులైలో హాంబర్గ్ మీద బాంబులు పడ్డప్పుడు పదిహేడేళ్ల కుర్రాడు. పక్కన నిలబడ్డ స్నేహితుడు ముక్కలైపోయాడు, తను మిగిలాడు. తర్వాత యుద్ధఖైదీగా స్కాట్లండ్ క్యాంపులో ఉన్నప్పుడు సైన్యంలోని పాస్టరు ఒకాయన బైబిలు చేతిలో పెట్టాడు. మొర కీర్తనలు చదివాడు. మార్కు సువార్తలో సిలువ దగ్గరికి వచ్చి ఆ కేక దగ్గర ఆగిపోయాడు. తన బాధ తెలిసినవాడు ఇక్కడొకడున్నాడని అనిపించిందట.

ఆ కేక తెలుగులో ఎలా ఉందో చూడు. ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?’ మన వైపు వరదొచ్చి లంకలు మునిగినప్పుడు మోకాలి లోతు నీళ్లలో పిల్లని దాటిస్తూ తల్లి అనే మాటే అది: చెయ్యి వదలకు. ఆ చెయ్యి వదిలేస్తే ఎలా ఉంటుందో యేసుకి తెలుసు. చెప్పింది ఎవరో బయటివాడు కాదు, కొడుకే అన్నాడు ఆ మాట. ఆ కేకకి ఆ మధ్యాహ్నం పైనుంచి జవాబు రాలేదు. మర్నాడు శనివారం కూడా రాలేదు. మనం మంచి శుక్రవారం ఏడు మాటలు చెప్పుకుంటాం, ఆదివారం తెల్లవారకుండా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి పోతాం. మధ్యలో శనివారాన్ని పిండివంటలకి, ఇస్త్రీ బట్టలకి వాడుకుంటాం. శిష్యులకి మాత్రం ఆ శనివారం పక్కన ఆదివారం ఉందని తెలీదు. ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు శిష్యులు నడుస్తూ ‘ఈయనే అని మేము నిరీక్షించి యుంటిమి’ అంటారు. భూతకాలం. మాకుండేది, ఇప్పుడు లేదు అని. నీ ఉత్తరం ఆ మాటే చెబుతోంది. వాళ్లు ఆ మాట చెబుతున్నది ఎవరితోనో వాళ్లకి తెలీదు, ఆయన పక్కనే నడుస్తున్నాడు. ‘మీకు ఇంక నిరీక్షణ లేదు కాబట్టి నేను పోతున్నా’ అని ఆయన అనలేదు. నడిచాడు. చీకటి పడ్డాక భోజనానికి కూర్చున్నాడు.

ఇక అర్థం సంగతి. ఈ కష్టానికి అర్థం ఏమిటో నాకు తెలీదు. ‘అంతా మన మంచికే’ అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రొయ్యలు చావడం వెనుక దేవుడు నీకు నేర్పదలచిన పాఠం ఏదో ఉందని వెతకకు. బైబిలు కష్టానికి కారణం చెప్పే చోట్లకంటే, కష్టంలో ఏం చేశారో చూపించే చోట్లే ఎక్కువ. అలాంటిదొకటి నా కళ్లారా చూశాను.

1996 నవంబరు 6 రాత్రి. పుట్టింట్లో ఉన్నాను, కాట్రేనికోన వైపు సముద్రానికి దగ్గర. ఆ తుపాను వెయ్యి మందికి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లలో వేటకి వెళ్లిన పడవలు తిరిగి రాలేదు. తెల్లవారి చూస్తే కొబ్బరితోటలో చెట్లన్నీ ఒకే వైపు పడుకుని ఉన్నాయి. చర్చి పైకప్పు లేదు. మా నాన్న ఊళ్లో సంఘాన్ని చూసుకునే ఉపదేశి. ఆయన చేసిన మొదటి పని బురదలోంచి సంఘం రిజిస్టరు తవ్వి తియ్యడం. పేరు, తండ్రి పేరు, బాప్తిస్మం తేదీ, పెళ్లి, మరణం, అన్నీ గళ్లు గీసిన పాత బౌండు పుస్తకం. తడిసి ముద్దై ఉంది. ఊరంతా బియ్యం కోసం లైన్లో నిలబడితే, ఈయన ఇస్త్రీ అతని దగ్గర బొగ్గుల పెట్టె అడిగి తెచ్చి, పాత పంచెలు రెండు పరిచి, మధ్యలో ఒక్కో కాగితం పెట్టి ఆరబెట్టడం మొదలెట్టారు. కొబ్బరి చిప్పల బొగ్గు పొగ, తడి కాగితం వాసన. మా అమ్మ తిట్టింది, పొయ్యిలోకి పిడక లేదు, పేర్లకి ఇస్త్రీ చేస్తాడట అని. తిట్టు న్యాయమే, ఆ రోజు మా ఇంట్లో బియ్యం లేవు.

సిరా కారిపోయిన పేజీలు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగి మళ్లీ పెన్సిల్‌తో రాశారు. సముద్రం నుంచి రాని మగవాళ్ల ఇళ్ల దగ్గర చిక్కొచ్చింది. పరిహారం కావాలి కాబట్టి సర్కారు కాగితం మీద గల్లంతు అని రాసిచ్చారు. రిజిస్టరులో మరణం గడి దగ్గర మాత్రం ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది. “రాలేదు అంటే ఒప్పుకుంటాను, పోయాడని నేను చెప్పను” అంది. నాన్న ఆ గడి ఖాళీగా వదిలేశారు. అలా చాలా గళ్లు ఖాళీగా ఉండిపోయాయి.

అప్పుడు నాకు అది పిచ్చితనంలా అనిపించింది. తర్వాత యిర్మీయా 32వ అధ్యాయం చదివాను. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం ఉంది, ఇవాళో రేపో పట్టణం పడిపోతుంది. యిర్మీయా ప్రవక్త జైల్లో ఉన్నాడు, పడిపోతుందని చెప్పినందుకే. అప్పుడు చిన్నాన్న కొడుకు వచ్చి అనాతోతులో పొలం కొనుక్కోమంటాడు. శత్రువు కాళ్ల కింద ఉన్న పొలం! పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల ముందు దస్తావేజు రాసి, ఎక్కువ రోజులు నిలవాలని మట్టికుండలో పెట్టిస్తాడు. పంట చేతికి వస్తుందని కాదు. ఆయన బతికుండగా ఆ పొలంలో కాలు పెట్టినట్టు ఎక్కడా లేదు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లు, పొలాలు కొంటారని దేవుడన్నాడు, అంతే, కాగితం రాసి కుండలో పెట్టాడు. యుద్ధాన్ని ఆపలేడు. జైలు తలుపు తియ్యలేడు. దస్తావేజు సరిగ్గా రాయగలడు.

క్రైస్తవ నిరీక్షణ అని మనం అనేది చివరికి ఒకే విషయం మీద నిలబడుతుంది తల్లీ, యేసు సమాధిలోంచి లేచాడన్నదాని మీద. వచ్చే పంట మీద కాదు, రొయ్యల కౌంటు రేటు మీద కాదు, మా ఆయన కిడ్నీ మీద కాదు. లేచినవాడి చేతులకి గాయాలు అలాగే ఉన్నాయి, మాసిపోలేదు. లేచాక రాజభవనానికీ వెళ్లలేదు. రాత్రంతా వల వేసి ఒక్క చేపా పడని వాళ్ల దగ్గరికి తెల్లవారుజామున వచ్చి, ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రండి తినండి అన్నాడు. నేను దీన్ని నమ్ముతాను. రోజూ ఒకేలా నమ్ముతానని చెప్పను. మా వైపు సమాధి తవ్వితే రెండడుగులకే నీరు ఊరుతుంది. మా ఆయన్ని ఆ నీళ్లలోనే దింపాను. ఏటా ఈస్టర్‌కి ముందు వెళ్లి సున్నం వేస్తాను. పోయినేడు మనవడు, తాతయ్య లేచేవాడే కదా, మరి సున్నం ఎందుకు అన్నాడు. లేచేవాడు కాబట్టే ఇల్లు బాగుచేస్తున్నా అన్నాను. వాడికి నచ్చలేదు, ఇంకా ఆలోచిస్తున్నాడు.

నీ చేతికి అందే పనులు కొన్ని చెబుతాను. ఒక నోటుబుక్కు తీసి అప్పులన్నీ రాయండి, ఇద్దరూ కూర్చుని. ఎవరికి, ఎంత, ఎన్ని రూపాయల వడ్డీ. ఎక్కువ వడ్డీది ముందు. పోయిన డబ్బు రాబట్టుకోవడానికి మళ్లీ అప్పు చేసి సీడు వెయ్యకండి. ఈ సీజను చెరువు ఎండగట్టండి. లీజు తగ్గించమని ఆసామిని అడగండి, అడగడంలో నామోషీ లేదు. కువైట్ గురించి వద్దని చెప్పను. మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లు ఆ ఆడవాళ్ల కష్టం మీద నిలబడ్డాయో నాకు తెలుసు. అయితే మీ ఆయన ఈ స్థితిలో ఉండగా వెళ్లకు. వెళ్లినా ప్రభుత్వ అనుమతి ఉన్న దారిలోనే వెళ్లు. విజిట్ వీసా మీద పంపిస్తాను, అక్కడికెళ్లాక మార్పిస్తాను అనే ఏజెంటు గుమ్మం తొక్కకు.

చివరిగా నీ ఉత్తరంలో నువ్వు ఫిర్యాదులా రాసిన మాట ఒకటుంది. నాలుగింటి పాట.

వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. ధవళేశ్వరం దగ్గర గేట్లు దించితే మన కాలువలో బురద, తూటికాడ తప్ప ఏమీ ఉండదు. అందుకని కట్టేసేముందే ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపుకుంటారు, ఎండాకాలమంతా ఆ నిలవ నీళ్లే తాగుతాం. మామగారికి జరిగింది అదే. మాటలు పుట్టే చోట మెదడు దెబ్బతింటే మాట పోతుంది. పాట చాలామందిలో వేరే దారిన వస్తుంది కాబట్టి కొందరికి మిగులుతుంది. డాక్టర్లు మాట తిరిగి రప్పించడానికి పాటని వాడటం కూడా ఉంది. స్పీచ్ థెరపీ గురించి కనుక్కో, ఆయన విషయంలో పనికొస్తుందేమో. చిన్నప్పటి నుంచి ఆదివారం ఆదివారం నింపుకున్నది ఆయనలో ఇంకా ఉంది. నీళ్లు అడగడానికి మాట రాని మనిషికి దేవుణ్ణి పిలవడానికి పదాలు వస్తున్నాయి. నీకు నోరు పెగలడం లేదు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు.

రేపు నాలుగింటికి ఎత్తుకున్నప్పుడు లేచి ఆయన మంచం పక్కన పీట వేసుకుని కూర్చో. పాడక్కర్లేదు. షెడ్డు నుంచి మీ ఆయన్ని ఇంటికి తెచ్చి ఉంటే ఆయన్నీ లేపు, నిద్ర పాడైతే అయింది. పాట అయ్యాక మామగారు నీ వైపు చూస్తారు, చూసి తీరతారు, ముసలివాళ్ల సంగతి నాకు తెలుసు. అప్పుడు ఒక్క ఆమేన్ అను. ఆ తర్వాత టీ పెట్టు.